పచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య

పంపకాల్లో అతని వాటాకు వచ్చినవాటిలో ఇప్పటికీ చేతిలో మిగిలినవి మూడు: కంప్యూటరుకి కరెంటు అందించే ఒక పాత పవర్ సప్లై, చదవడం మరిచిపోయి తిరగడం మాత్రం గుర్తుంచుకున్న ఒక హార్డ్ డిస్కు, రెండు కొనల్లోనూ నల్ల రంగు గీకేసిన అక్క తలపిన్ను. తక్కినదంతా సరుకు. సరుకు వస్తుంది, పోతుంది, దాని గురించి బెంగపడేవాడు వ్యాపారానికి పనికిరాడు. ఈ మూడింటికీ ఎవరైనా వెల అడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియదు, అందుకే ఎవరి కంటా పడకుండా కౌంటరు కింది అరలో ఉంచాడు. ఇవాళ మధ్యాహ్నం అక్క ఫోను పెట్టేశాక వాటిని పైకి తీసి, కౌంటరు గాజు మీద పక్కపక్కనే పెట్టుకుని, రోడ్డుకి అవతల ఉన్న బావ షాపు వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్కడ తుక్కు కొనేవాడి వ్యాను ఆగి ఉంది.

అక్క ఎక్కువ మాట్లాడలేదు. మీ బావ షాపు ఎత్తేస్తున్నాడు, చేతులు వణుకుతున్నాయి, చిన్న మరలు పట్టుకోలేకపోతున్నాడు, ఇవాళే ఖాళీ చేసి తాళాలు ఇచ్చేస్తున్నాడు అంది. కిటికీలో ఉన్న గాజు డబ్బా సంగతి ఏమిటని అతను అడగలేదు, అడగబోతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. "ఆ డబ్బా గురించి నన్నడక్కు తమ్ముడూ. కావాలంటే వెళ్లి అడుగు, లేదంటే ఊరుకో. ఇన్నేళ్లూ మీ ఇద్దరి మధ్యా టపా మోశాను, నాకూ రిటైరయ్యే వయసొచ్చింది" అంది. డబ్బా ఇంకా కిటికీలో ఉందా, వ్యాను ఎక్కేసిందా? ఇక్కణ్ణించి కనబడదు. ఈ వేళప్పుడు ఎండ నేరుగా బావ షాపు అద్దం మీద పడి, అద్దమంతా కాలిన రేకులా మెరుస్తుంది. రోజూ ఇంతే. పొద్దు ఆ మూల మేడ వెనక్కి జారితే గానీ లోపలేముందో తెలియదు, అప్పటిదాకా తుక్కువాడు ఆగుతాడన్న నమ్మకమూ లేదు. నాలుగడుగులు వేసి రోడ్డు దాటితే తెలిసిపోతుంది, కానీ ఆ నాలుగడుగులూ ఇన్నేళ్లూ వెయ్యలేదు, ఇవాళ వేస్తే ఇన్నాళ్ల పంతం దేనికి చేసినట్టు? పెట్టిన పెట్టుబడి అంతా వదులుకుని వచ్చేయడం వ్యాపారంలో కూడా కష్టమే, ఇది నష్టమని తెలిసీ ఇంకొన్నాళ్లు చూద్దామనిపిస్తుంది, అలా చూస్తూనే జుట్టు నెరుస్తుంది.

తుక్కువాడి మనిషి ఒకడు పాత మానిటర్లు రెండు చంకల్లో ఇరికించుకుని వస్తున్నాడు. ఆ లావు మానిటర్లు, వెనక గూని ఉన్నట్టుండేవి, వాటిని ఇద్దరూ కలిసి మొదటి షాపులోకి మోసినప్పుడు బావ నడుం పట్టేసి, రెండు రోజులు వంగే నడిచాడు, వచ్చినవాళ్లు ఆయన తమకి దణ్ణం పెడుతున్నాడనుకుని తిరిగి దణ్ణం పెట్టారు. మొదటి షాపు అంటే ఇదే, ఈ గదే, అప్పుడు గోడకి సున్నం ఆరనే లేదు. అతనికి మాట ఉండేది, బావకి చెయ్యి ఉండేది, ఈ రెండూ కలిస్తే షాపు అవుతుందని అక్కే అంది. కిటికీ ఒకటి ఉంది, కిటికీలో పెట్టడానికి ఏమీ లేదు. హోల్‌సేలు వ్యాపారి ఒకడు బతిమాలగా బతిమాలగా ఒక ఖాళీ డబ్బా ఇచ్చాడు, కంప్యూటరు లోపలి సామానంతా బిగించే పెట్టె, ఒక పక్కంతా పారదర్శకంగా ఉండేది, లోపల అడుగున నీలం లైటు పట్టీ, పైన ఎర్ర పట్టీ, వెనక తెల్లగా వెలిగే ఫ్యాను. వెలిగితే. వెలగాలంటే లోపల కంప్యూటరు ఉండాలి, మదర్‌బోర్డూ మిగతా పరివారమూ. అదంతా కిటికీలో పెట్టి తాళం వేసుకుంటే అమ్ముకునేదేమిటి? అలా ఆ డబ్బా పది రోజులు కళ్లు మూసుకుని కిటికీలో కూర్చుంది, దాన్ని చూసి లోపలికి వచ్చింది ఒక పిల్లి.

అది కూడా ఇలాంటి సాయంత్రమే, వీధిలో ఎండ ఎర్రబడుతోంది. బావ పవర్ సప్లైని ఒళ్లో పెట్టుకున్నాడు, కోడిపిల్లని పట్టుకున్నట్టు, దాని పొట్టలోంచి రంగురంగుల తీగలు వేలాడుతున్నాయి. దీన్ని గోడకి పెట్టి స్విచ్చి వేసినంత మాత్రాన లేవదన్నాడు. మదర్‌బోర్డు లేపితేనే లేస్తుంది, ఈ పచ్చ తీగ ఉంది చూశావూ, దీని మీద పిలుపు వస్తుంది, పచ్చ తీగని నల్ల తీగతో కలిపేస్తే అవతల ఎవరో పిలిచారనుకుంటుంది. "దీన్ని నమ్మించాలి బామ్మర్దీ. అది నీ విద్యే. తీగలు మాత్రం నేను పట్టుకుంటా." కలపడానికి చేతికి అందేంతలో చిన్న తీగ ముక్క లేదు. అక్క భోజనం డబ్బా తెచ్చి, తినకుండా ఏమిటీ ఆటలని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వైపు ఇద్దరూ ఒకేసారి చూశారు. ఆమెకేం అర్థమైందో, జుట్టులోంచి పిన్ను లాగి ఇచ్చింది, ఒక పక్క జుట్టు జారి చెవి మీద పడింది. పిన్ను మీది నల్ల రంగులోంచి కరెంటు పోదని బావ బ్లేడుతో కొనలు గీకాడు. పచ్చ తీగ ఉన్న బెజ్జంలో ఒక కాలు, పక్క నల్లదాంట్లో ఒక కాలు. డబ్బా భళ్లున వెలిగింది, వెలిగి, రెప్ప వేసినంతలో ఆరిపోయింది.

మళ్లీ పెట్టారు, మళ్లీ ఆరింది. పిన్ను మంచిది కాదేమోనని అతను అన్నాడు, నా పిన్నుని అంటావేమిట్రా అని అక్క అంది. బావ గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు, ఆయన అలా గోక్కుంటే ఏదో వస్తోందని అర్థం, అప్పుడు పలకరించకూడదు. కాసేపటికి నవ్వాడు. దీనికి మొయ్యడానికి బరువు లేదయ్యా అన్నాడు. ఇది బండెడు మొయ్యడానికి పుట్టిన జాతి, మనమేమో ఈ లైటు పట్టీలని ఈకల్లా వీపు మీద పెట్టాం, అదేమనుకుంటుంది, పని లేదనుకుని పడుకుంటుంది. ఎవరో చచ్చిపోయిందని వదిలేసి వెళ్లిన హార్డ్ డిస్కు బల్ల కింద ఉంది. దాంట్లో రాసింది ఒక్క ముక్క కూడా చదవలేదు గానీ చక్రం మాత్రం తిరుగుతుంది. దాన్ని తగిలించి మళ్లీ పిన్ను పెట్టాడు. డిస్కు సన్నగా ఈల వేసినట్టు లేచింది, ఫ్యాను తిరిగింది, లైట్లు నిలబడ్డాయి. నిలబడడమంటే అదీ. అడుగునించి నీలం, పైనించి ఎరుపు, మధ్యలో ఉత్త గాలి. అక్క జుట్టుని ఒక చేత్తో పట్టుకుని వంగి చూసింది, ఆమె మొహం సగం నీలంగా ఉంది. బాగుంది గానీ ఇదేం చేస్తుందని అడిగింది. ఏమీ చెయ్యదన్నాడు బావ. అమ్ముతుందన్నాడు అతను. ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ రెండు మాటల్లోనూ అబద్ధం లేదు, అయినా అవి రెండూ ఒక గదిలో ఎన్నాళ్లు ఉంటాయన్న లెక్క ఆవేళ అతను వెయ్యలేదు. ఒకపక్క జుట్టు జారిన అక్కనీ, ఆ నీలాన్నీ చూస్తూ ఉండిపోయాడు.

అమ్మింది కూడా. చీకటి పడే వేళకి కిటికీ ముందు జనం ఆగేవాళ్లు, పిల్లలు అద్దానికి ముక్కు ఆనించిన మచ్చలు పొద్దున్నే తుడవాల్సి వచ్చేది, అతను తుడిచేవాడు, ఒక్కో మచ్చ ఒక్కో బేరమని లోలోపల మురుస్తూ. ఇది ఎంత స్పీడండీ అని అడిగేవాళ్లు. అతను అబద్ధం ఆడేవాడు కాదు, ఆ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి ఎవరైనా, మీకెంత స్పీడు కావాలి అని తిరిగి అడిగేవాడు, అంతే. బావ వెనక బల్ల దగ్గర స్క్రూ డ్రైవరు నోట్లో పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేవాడు. రాత్రికి డిస్కు వేడెక్కి ఉండేది, ఆపాక కూడా కాసేపు తిరిగి, అలిసినట్టు నిట్టూర్చి ఆగేది. ఆ నిట్టూర్పు అయ్యాకే షట్టరు దించేవారు. ముందు దించితే ఏదో వెలితి.

వ్యాను మీద ఇప్పుడు కుర్చీలు ఎక్కిస్తున్నారు. ఆ చక్రాల కుర్చీ బావది. బావ కుర్చీ లేకుండా ఎక్కడ కూర్చుంటాడు? ఎండ ఇంకా అద్దం మీదే ఉంది, కొంచెం ఎర్రబడింది.

డబ్బా అలా వెలుగుతున్న రోజుల్లోనే ఒక ట్యూషన్ సెంటరు నడిపే పెద్దమనిషి వచ్చాడు, గదికి సరిపడా కంప్యూటర్లు కావాలని. అలాంటి బేరం షాపు పుట్టాక మొదటిది. అంతా అయ్యాక కిటికీ వైపు చెయ్యి చూపించి, దాన్ని ఒకసారి నడిపి చూపించండి అన్నాడు. అతను వెంటనే, అది పెద్ద పనిలో ఉందండీ, మధ్యలో కదపకూడదన్నాడు. ఎలా వచ్చిందో ఆ మాట, నాలిక చివరే తయారుగా ఉన్నట్టు వచ్చింది. వెనకనించి బావ, పాపం ఆయన హాస్యానికే అన్నాడు, ఇప్పుడు తెలుస్తోంది హాస్యానికేనని, "పెద్ద పనేం లేదండీ, మా ఆవిడ తలపిన్నుతో వెలుగుతోంది" అన్నాడు. పెద్దమనిషి కూడా నవ్వాడు, మర్యాదగా నవ్వాడు, రేపు వస్తానన్నాడు. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత అన్నవి, అనుకున్నవి, గిన్నెలు పగిలినట్టు అన్నీ ఒకేసారి. నీ నోరు షాపుని మింగేసిందని అతనన్నాడు. నీ నోరు తప్ప షాపులో నీదేముందని బావ అన్నాడు. అక్కడితో ఆగినా అతుక్కునేదే. అతను ఆగలేదు. మా అక్క మొహం చూసి నిన్ను భరిస్తున్నానన్నాడు. బావ స్క్రూ డ్రైవర్లని ఒక్కొక్కటీ తుడిచి గుడ్డలో చుట్టాడు. అన్నిటికన్నా చిన్నది కింద పడి దొర్లింది, దాన్ని వెతకడానికి ఇద్దరూ వంగారు, తలలు తగిలేంత దగ్గరగా, అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు.

పంపకం అక్కే చేసింది. ఒకరికి పెళ్లాం, ఒకరికి తోబుట్టువు, ఆమె స్టూలు మీద కూర్చుని ఎవరి మొహమూ చూడకుండా ఇది నీకు, ఇది నీకు అంటూ పోయింది. చివరికి డబ్బా మిగిలింది. ఆమె చెయ్యి దాని మీదికి రాగానే ఇద్దరూ నాది అన్నారు. అయితే తలో ముక్కా తీసుకోండి అంది, విసిగిపోయి అంది, వీళ్లు తీసుకుంటారనుకోలేదు. లైట్లతో సహా డబ్బా బావకి, దాన్ని వెలిగించే సప్లై, డిస్కు, పిన్ను అతనికి. పిన్ను నాదిరా అంది ఆమె, గుమ్మంలోంచి వెనక్కి తిరిగి. అతను వినిపించుకోలేదు.

బావ ఎదురుగానే షాపు తెరిచాడు. ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకనట్టు. తెరిచి, ఆ డబ్బాని కిటికీలో పెట్టాడు, చీకటిగా. ఆ మొదటి సాయంత్రం అతను వెలుగుతుందేమోనని చూశాడు. బావ షాపు నిండా పవర్ సప్లైలే, గోడంతా అవే, ఏదో ఒకటి తీసి తగిలిస్తే నిమిషంలో వెలిగేది. వెలిగించలేదు. మర్నాడూ వెలిగించలేదు. తనని ఎత్తిపొడవడానికే అనుకున్నాడు అతను, చూడండి, ఇతను మీకు చూపించింది ఈ ఖాళీ డబ్బానే అని వీధి మొత్తానికీ చెప్పడానికే అనుకున్నాడు, అనుకుని అనుకుని అది నిజమైపోయింది. ఇక్కడ అతని దగ్గరేమో లైట్లు. మూరల లెక్కన, చుట్టలు చుట్టలుగా, కొత్తవి, రంగులు మారేవి, పాటకి తగ్గట్టు ఎగిరేవి. వాటిలో ఒక్క జానెడు ముక్కైనా ఈ పాత సప్లైకి తగిలించలేదు. పొద్దున షాపు తెరిచాక, మొదటి బేరానికి ముందు, డిస్కు కలిపి పిన్ను పెట్టి, అది ఈల వేస్తూ లేవడం విని, తీసేసేవాడు. వాడకుండా ఉంచితే పాడవుతుందని చెప్పుకునేవాడు. ఒకసారి ఇంటావిడ షాపుకొచ్చి చూసి, నన్ను పలకరించకుండా వచ్చేసి దీన్ని పలకరిస్తున్నారా అంది. అతనికి చురుక్కుమంది, అయినా మానలేదు.

పెళ్లిళ్లలో ఎదురుపడేవారు, చెరో మూలా. ఆ పెద్దమనిషిని కాస్త జరగమనండి అనేవాడు అతను, జరగడానికి చోటు లేదని ఆ షావుకారుకి చెప్పండి అనేవాడు బావ, మధ్యలో అక్క తల కొట్టుకునేది. కానీ రిపేరుకని ఎవరైనా వస్తే అతను ఏమనేవాడు? ఇక్కడ చెయ్యమండీ, ఎదురుగా అడగండి, చెయ్యి మంచిది అనేవాడు. చెయ్యి మంచిది అని ఎందుకనేవాడు, ఎదురుగా అంటే సరిపోయేది. ఎదురుగా రిపేరు కుదరనివాళ్లు రోడ్డు దాటి ఇటొచ్చేవాళ్లు, కొత్తది కొనాలంటే అటెళ్లండి, మాటల్లో పడకుండా చూసుకోండి అన్నాడండీ ఆయన, అని నవ్వుతూ చెప్పేవాళ్లు. అతనూ నవ్వకుండా ఉండడానికి సొరుగు వెతికేవాడు. ఇన్నేళ్లూ మనుషులు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. రెండు షాపులనుకున్నాడు. ఒకే షాపు, మధ్యలోంచి రోడ్డు పోతోంది, అంతే. ఇంత లెక్క తెలిసినవాడికి ఆ ఒక్క లెక్కా తట్టలేదు. మరి చీకటి డబ్బా? తను ఈ సప్లైకి వేరే లైటు తగిలించలేదు. ఆయన ఆ లైట్లకి వేరే సప్లై తగిలించలేదు. ఎత్తిపొడుపు కాదు. తనది ఏదో ఆయనదీ అదే, అచ్చంగా అదే. అతను పిన్ను చేతిలోకి తీసుకున్నాడు. దాని ఒంపులో అక్క జుట్టు వాసన ఎప్పుడో పోయి ఉంటుంది, ఇనప వాసనే ఉంది.

పొద్దు మేడ వెనక్కి జారింది. రోడ్డుకి అవతల అద్దం చల్లారి, మామూలు అద్దమైంది. కిటికీ ఖాళీగా ఉంది.

వ్యాను ఇంజను మొదలైంది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు సప్లైని చంకలో పెట్టుకున్నాడో తెలియదు, తీగలు మోకాళ్లకి కొట్టుకుంటూ రోడ్డు మధ్యలో ఉన్నాడు. కళ్లు కనబడట్లేదా అని స్కూటరు మీదివాడెవడో అరిచాడు. కొనేవాడి కోసం ఏనాడూ కౌంటరు దాటి రాని మనిషి, వ్యాను బానెట్టు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. తుక్కువాడు తల బయటికి పెట్టి ఏమిటండీ అన్నాడు. అతను వ్యాను వెనక్కి వెళ్లి వెతికాడు, మానిటర్లు, కుర్చీలు, తుప్పు పట్టిన రాక్‌లు, పారదర్శకంగా ఏదీ మెరవలేదు. వెనకనించి ఆ గొంతు వినబడింది, కొంచెం అరిగింది, అంతే తేడా.

"ఏంట్రా, దాన్ని కూడా తుక్కుకి వేసేస్తున్నావా?"

బావ గుమ్మంలో ఉన్నాడు, సన్నబడ్డాడు. అతని నోరు, ఎప్పుడూ తయారుగా ఉండే నోరు, ఒక్క మాట వెతుక్కుంది. డబ్బా ఏది బావా అన్నాడు. లోపలుంది, వాడు చెయ్యి వేస్తాడేమోనని గోడవారగా పెట్టానన్నాడు బావ. నేల మీద కాగితం పరిచి, దాని మీద పెట్టి ఉంది, అద్దం పక్క తుడిచి ఉంది, తడి ఇంకా ఆరలేదు. గదిలో ఇంకేమీ లేదు, మేకులు పీకేసిన బెజ్జాలు తప్ప. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. బావ ప్లగ్గు పట్టుకోబోయాడు, వేళ్లు దాని చుట్టూ తిరిగాయి గానీ లోపలికి పోలేదు, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో దాచుకున్నాడు. ఆ చెయ్యి. అతను చూడనట్టు తనే అందుకున్నాడు. ఆ డిస్కూ పిన్నూ తప్ప జీవితంలో వేరే తీగ పట్టినవాడు కాదు. అటు కాదు, తిప్పు, గట్టిగా నొక్కు, విరగదులే, అని బావ చెబుతుంటే నొక్కాడు. పిన్ను పెట్టాడు. వెలిగింది. బావ మొహం, ముడతలూ గడ్డమూ, నీలంగా ఒక్క క్షణం కనబడి ఆరిపోయింది.

"బరువేదిరా?" అన్నాడు బావ చీకట్లోంచి.

డిస్కు అక్కడ కౌంటరు మీదే ఉండిపోయింది. ఇక్కడ తగిలించడానికి ఒక్క వస్తువు లేదు, ఉన్నదంతా వ్యానులో వీధి మలుపు తిరిగింది. బావ భుజాలు కదలడం మొదలైంది, స్క్రూ డ్రైవరు నోట్లో లేదు గానీ అదే నవ్వు. అతనికీ వచ్చేసింది. "నిన్ను నమ్ముకుని షాపు పెట్టాను చూడు, నన్ననాలి" అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటూ. మా అక్క మొహం అని ఆనాడన్న మాట అతనికి గుర్తొచ్చింది. బావా, ఆ రోజు నేను, అని మొదలుపెట్టాడు. "ముందు ఆ పక్క పట్టుకో, నా చేతుల్ని నమ్మలేం" అన్నాడు బావ, డబ్బా అంచు మీద అరచేతులు ఆనించి.

ఇద్దరూ డబ్బాని చెరో పక్కా పట్టుకుని రోడ్డు దాటారు. బావ వైపు డబ్బా వణికింది, అతను తన వైపునించి బిగించి పట్టుకున్నాడు. షాపు మెట్ల మీద అక్క కూర్చుని ఉంది, ఎప్పుడొచ్చిందో, ఆమె జుట్టు ఇప్పుడు పిన్ను అక్కర్లేనంత పల్చన. జరిగి దారి ఇచ్చింది. కిటికీలో పెట్టారు, డిస్కు తగిలించారు, అది ఎప్పట్లా ఈల వేస్తూ లేచింది. నీలం పట్టీ సగమే వెలిగింది. ఎరుపు బాగానే ఉంది. ఫ్యాను కీచుమంది. "నా పిన్ను ఇస్తావా ఇవ్వవా?" అంది అక్క. అది తీస్తే అన్నీ ఆరిపోతాయే అన్నాడు అతను.

సంచీ పట్టుకుని పోతున్న ఒకాయన ఆగి, అద్దానికి దగ్గరగా వంగి, గుమ్మంలోకి తల పెట్టి, ఎంత స్పీడండీ ఇది అని అడిగాడు. వెనక స్టూలు మీద బావ ఊపిరి బిగబట్టడం అతనికి వినబడింది. ఖాళీ డబ్బానండీ, ఊరికే వెలుగుతుంది అన్నాడు అతను. ఆయన అవునా అని నవ్వి, తన దారిన పోయాడు.

"బంగారంలాంటి బేరం పోగొట్టావు" అన్నాడు బావ, నిజంగానే బాధపడుతూ.

అతను షాపు కట్టేసే ముందు, అలవాటు చొప్పున ఆ రోజు లెక్క మనసులో చూసుకున్నాడు. పోయింది ఒక బేరం. వచ్చినవి సగం నీలం, ఒక ఎరుపు, కీచుమనే ఫ్యాను, వెనక స్టూలు మీద మనిషి. పిన్ను తీశాడు. డిస్కు కాసేపు తిరిగి, నిట్టూర్చి, ఆగింది. ముగ్గురూ అది ఆగేదాకా ఉండి, అప్పుడు షట్టరు దించారు.